బల్ల వెనక వెలుగు

కందిమిల్లి మునిసిపాలిటీకి పైనుంచి ఆ ఉత్తర్వు వచ్చిన రోజునే బెల్లపుకొట్ల వీధి అప్పలకొండ కూడా వచ్చింది. ఉత్తర్వు టపాలో వచ్చింది, అప్పలకొండ నడిచి వచ్చింది. రెండు వ్యవహారాలూ వెలుతురుకి సంబంధించినవే కాబట్టి రెంటినీ ఒకే మనిషి దగ్గరికి పంపించారు. ఆయన వీధి దీపాలు చూసే అసిస్టెంట్ ఇంజనీరు బెహరా భీమశంకరం.

భీమశంకరం మెత్తని మనిషి. ఎవరేం అడిగినా కాదనడానికి ఆయనకు నోరు రాదు. అవుననడానికి అధికారం లేదు. అందువల్ల సర్వీసంతా "చూద్దాం" అనే ఒక్క మాట మీద నెట్టుకొస్తున్నాడు.

అప్పలకొండది బజ్జీల బండి. మునిసిపల్ ఆఫీసు వెనక గేటు దాటగానే వచ్చేదే బెల్లపుకొట్ల వీధి. ఆఫీసు వీపుకి ఆనుకునే ఉన్నా అక్కడ దీపం వెలిగి చాలా కాలమైంది. పొద్దు గూకితే ఆ వీధిలో మనిషికి మనిషి కనబడడు. ఆ చీకట్లోనే మొన్న ఆమె మొగుడు సన్నాసి శనగపిండి బస్తా భుజాన వేసుకుని వస్తూ, మురిక్కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"పిండి పోతే పోనాది బాబూ. మనిసి మంచం దిగలేకపోతన్నాడు. ఒక్క లైటు ఎయ్యండి. బజ్జీ ఏగిందో నేదో వోసన బట్టి సూసుకుంటన్నాను. నిన్న ఒకాయన మిరపకాయ బజ్జీ అనుకుని నా యేలు అందుకున్నాడు," అంది అప్పలకొండ.

"కూర్చోమ్మా. చూద్దాం," అని భీమశంకరం చేతిలోని ఉత్తర్వు విప్పాడు.

ఆ ఉత్తర్వు పుట్టుక ఇలా జరిగింది. రాజధానిలో ఒక పెద్ద అధికారి ఒంట్లో నలతగా ఉండి, వీడియో సమావేశానికి ఇంటినుంచే హాజరయ్యాడు. కూర్చోవడానికి వేరే చోటు దొరక్క కొడుకు గదిలో కూర్చున్నాడు. ఆ కుర్రవాడు కంప్యూటర్ ఆటలు ఆడుకోవడం కోసం బల్ల వెనక గోడకు ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్లు అతికించుకున్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తల చుట్టూ లేత నీలం కాంతి పరుచుకుని ఉంది. ఆ వేళ ఆయన చెప్పినవన్నీ పాత లెక్కలే అయినా, అంతకన్నా పెద్ద అధికారికి వాటిని మొదటిసారి నమ్మబుద్ధేసిందట. ప్రజలు ఇన్నాళ్ళూ ప్రభుత్వాన్ని ఎందుకు నమ్మడం లేదో ఆయనకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

"ప్రజలతో వ్యవహరించు ప్రతి బల్ల వెనుక ఎల్‌ఈడీ స్ట్రిప్ దీపములు విధిగా అమర్చవలెను. తద్వారా పాలనయందు ప్రజావిశ్వాసము ప్రకాశించును. ఈ సంవత్సరము దీపముల పద్దు యావత్తూ ఈ కార్యమునకే వినియోగించవలెను. ప్రాంతీయ సంచాలకులు స్వయముగా తనిఖీ చేయుదురు," అని ఉంది అందులో.

భీమశంకరం దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత అప్పలకొండ వైపు చూశాడు. ఈసారి "చూద్దాం" అనడానికి కూడా నోరు రాలేదు.

"ఈ ఏడు లైటంటూ వేస్తే బల్ల వెనకే వెయ్యాలమ్మా. వీధిలో వేయకూడదు."

"బల్లకేటి బాబూ, కాలవలో పడిపోద్దేటి?" అంది అప్పలకొండ, నిజంగానే తెలుసుకోవాలని.

దానికి జవాబు ఉత్తర్వులో లేదు.

*

కమిషనరు చక్రధర్ ఉత్సాహవంతుడు. మర్నాడే అన్ని విభాగాల వాళ్ళనీ కూర్చోబెట్టాడు. ఊళ్ళో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపే దిల్లేశ్వరరావు చుట్టలు చుట్టలుగా స్ట్రిప్ లైట్లు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఇది వెచ్చటి తెలుపండి, పసుపు కొడతాది. ఇది చల్లటి తెలుపు, ఆస్పత్రిలా ఉంటాది. ఇదేమో రంగులు మారేది, రిమోట్ నొక్కితే ఏ రంగు కావాలంటే ఆ రంగు. వెనకాల కాయితం పీకి గోడకి అతికించెయ్యడమే. ఏవి కావాలో సెలవివ్వండి," అన్నాడు.

"రంగు అనేది విధానపరమైన నిర్ణయం. అభిప్రాయాలు ఆహ్వానిస్తున్నాను," అన్నాడు కమిషనరు గంభీరంగా.

పన్నుల విభాగం వాళ్ళు ఎరుపు కావాలన్నారు. ఎరుపు చూస్తే బకాయిదారు కుర్చీలో కూర్చోకుండానే కట్టేస్తాడని వాళ్ళ వాదన. పారిశుధ్యం వాళ్ళు పచ్చ అడిగారు. జనన మరణాల విభాగంలో మాత్రం పెద్ద పేచీ వచ్చింది. జననానికి గులాబీ రంగు బాగుంటుంది గానీ, అదే బల్ల దగ్గరికి మరణానికీ వస్తారు కదా అని ఆ గుమాస్తా మథనపడ్డాడు.

అప్పుడు మేనేజరు వరహాలరాజు గొంతు సవరించుకున్నాడు. ఆ ఆఫీసులో నిబంధనలన్నీ కంఠతా వచ్చినవాడు ఆయనొక్కడే. ఎవరికి ఏ పని కాకపోయినా, ఏ నిబంధన వల్ల కాలేదో ఆయన అక్కడికక్కడే చెప్పగలడు.

"ఉత్తర్వులో ఫలానా రంగు అని లేదు. అంటే ఏ రంగునీ మినహాయించలేదు. కాబట్టి అన్ని రంగులూ ఉండాలి," అన్నాడు.

అందరూ తలలూపారు. రంగులు మారే రకమే ఖాయమైంది. రిమోట్లు మాత్రం ఒకటి చాలన్నారు. ఒకటి కన్నా ఎక్కువైతే ఎవరి ఆధీనంలో ఏది ఉందో తేల్చడం కష్టమన్నాడు వరహాలరాజు. ఆ ఒక్కటీ ఆయన తన లాల్చీ జేబులో వేసుకున్నాడు.

అసలు చిక్కు అతికించేటప్పుడు వచ్చింది. కమిషనరు గదిలో తప్ప ఇంకెక్కడా బల్ల వెనక గోడ లేదు. మిగతా బల్లలన్నీ పెద్ద హాలు మధ్యలో, సంతలో కొట్లలాగా వరసలు తీరి ఉన్నాయి. దిల్లేశ్వరరావు మనుషులు చుట్టలు పట్టుకుని ఎక్కడ అతికించాలో తెలియక నిలబడిపోయారు.

"అదలా ఉంచండి. వెనక అంటే ఎవరికి వెనక?" అన్నాడు వరహాలరాజు.

దిల్లేశ్వరరావు మనుషులు చుట్టలు కింద పెట్టారు.

"గుమాస్తాకి వెనకైతే అది ప్రజలకి ఎదురు. ప్రజలకి వెనకైతే అది గుమాస్తాకి ఎదురు. ఉత్తర్వు ఎవరి వైపు నుంచి రాశారు? రేపు తనిఖీలో అటు వేసినవాళ్ళు ఇటెందుకు వెయ్యలేదంటే ఎవరు చెబుతారు? నేను చెప్పను."

పైకి రాసి స్పష్టత కోరారు. "వెనుక అనగా ముందు కానిది" అని బదులు వచ్చింది. వరహాలరాజు దాన్ని కళ్ళకద్దుకుని, ఎందుకైనా మంచిదని రెండు వైపులా గోడలు కట్టించమన్నాడు. ఒక్కో బల్లకి అటొక ప్లైవుడ్ గోడ, ఇటొక ప్లైవుడ్ గోడ లేచాయి. మధ్యలో గుమాస్తా, ఆయన ఎదురుగా అర్జీదారు మాత్రమే పడతారు. లోపలికి పోవాలంటే పక్కనుంచి ఒరుసుకుంటూ పోవాలి. లావుపాటి అర్జీదారులు తమ తరఫున సన్నవాళ్ళని పంపుకునేవారు.

పనంతా అయ్యాక కమిషనరు స్వయంగా మీట నొక్కాడు. ఏమీ కనబడలేదు. హాలుకి నాలుగు వైపులా పెద్ద పెద్ద కిటికీలు. మధ్యాహ్నపు ఎండ భళ్ళున కొడుతోంది.

"పగలు కనబడదండి. చీకట్లో చూడాలి దీని అందం," అన్నాడు దిల్లేశ్వరరావు.

"అయితే చీకటి ఏర్పాటు చేయండి," అన్నాడు కమిషనరు.

వరహాలరాజు నొసలు ముడిచాడు. "చీకటికి మనకి పద్దు లేదు సార్."

భీమశంకరం పొద్దుటినుంచీ ఇదంతా చూస్తున్నాడు. విసుగు పుట్టి, "ఉన్న ట్యూబులైట్లు తీసేసి కిటికీలు మూసేస్తే చీకటికి ఖర్చేముందండీ?" అన్నాడు. ఎద్దేవాగా అన్న మాట అది. కమిషనరు లేచి వచ్చి ఆయన చేయి పట్టుకుని ఊపాడు. సాయంత్రానికి కిటికీ అద్దాలన్నిటికీ నల్ల రంగు పూశారు.

మర్నాటినుంచి కందిమిల్లి మునిసిపల్ ఆఫీసు చూడముచ్చటగా తయారైంది. చూడడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాలేదు. ప్రతి గుమాస్తా వెనకా మెత్తని వెలుగు వస్తుంది గానీ, ఆ గుమాస్తా మొహం కనబడదు, ఎదురుగా ఉన్న కాగితమూ కనబడదు. నీటి కుళాయికి అర్జీ పెట్టుకున్నవాడికి చెత్తబుట్ట మంజూరైంది. కొడుకు పుట్టిన పత్రానికి వచ్చినాయన కుక్కకి లైసెన్సు పట్టుకుపోయాడు. మర్నాడు మార్చుకుందామని వచ్చి, ప్లైవుడ్ గోడల మధ్య దారి తప్పి, భోజనాల వేళకి వంటగది లాంటి ఒక మూల తేలాడు. అక్కడ ఇంకో ఇద్దరు ముందే కూర్చుని ఉన్నారట.

ఒక్కటే రిమోట్ కావడం వల్ల ఎక్కడ నొక్కినా అన్నిచోట్లా రంగు మారిపోయేది. కమిషనరు ప్రశాంతత కోసం నీలం అడిగితే పన్నుల విభాగం కూడా ప్రశాంతమయ్యేది. ఒకరోజు వరహాలరాజు జేబు రుమాలు తీస్తుంటే ఏదో మీట నొక్కుకుపోయింది. ఆఫీసంతా ఎరుపూ పచ్చా నీలమూ పెళ్ళి పందిరిలాగా చకచకా వెలిగి ఆరడం మొదలుపెట్టింది. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ఒక పెద్దమనిషి కాసేపు నోరు తెరుచుకుని చూసి, "శుభం" అనేసి వెళ్ళిపోయాడు.

*

అప్పలకొండ మళ్ళీ వచ్చింది ఆ రోజుల్లోనే. గుమ్మంలో పింఛను ముసలాళ్ళు గుంపుగా నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. అడుగు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

"ఏటి నిలబడిపోనారు?" అందామె.

"సీకటమ్మా."

"ఓస్, ఇంతేనేటి? సేతులు పట్టుకోండి."

బెల్లపుకొట్ల వీధిలో అన్నాళ్ళు బతికిన మనిషికి అది ఒక చీకటే కాదు. ముసలాళ్ళని ఒకరి చెయ్యి ఒకరికి అందించి, వరసగా లోపలికి నడిపించుకుపోయింది. దారిలో, నిన్నటి నుంచి తిరుగుతున్న ఒక జూనియర్ అసిస్టెంటుని కూడా పట్టుకుని ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చివరికి భీమశంకరం గూటి ముందు ఆగింది.

ఆయన మొహం కనబడలేదు. వెనకాల ఊదారంగు వెలుగు మాత్రం కనబడింది.

"బాబూ, ఉన్నారేటి?"

"ఉన్నానమ్మా." ఆ గొంతులో నీరసం ఉంది. పొద్దుటినుంచి ఆయన తన కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు.

"మీ మొగుడికి కాలెలా ఉంది?" అని మళ్ళీ ఆయనే అడిగాడు.

"కట్టు ఇప్పినారు. నడవమన్నారు. ఎక్కడ నడుస్తాడు బాబూ? మళ్ళీ ఆ కాలవలోనే కదా. బేరాలు కూడా నేవు. సీకట్లో ఎవుడొస్తాడు? మీకేటి, పట్టపగలే ఇన్ని లైట్లు." అంతవరకూ నవ్వుతూ మాట్లాడిన మనిషి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

భీమశంకరం కళ్ళజోడు వెతకడం మానేశాడు. "నా చేతిలో ఉంటే వెయ్యనా అప్పలకొండమ్మా? బల్ల వెనక తప్ప ఎక్కడా వెయ్యకూడదన్నారు."

"అయితే మా ఈదిలో ఓ బల్లెయ్యండి," అంది అప్పలకొండ.

కోపంగా అన్న మాట అది. ఆమె కొంగు దులుపుకుని, చీకట్లో దేనికీ తగలకుండా విసవిసా వెళ్ళిపోయింది. భీమశంకరం మాత్రం లేచి నిలబడ్డాడు. లేచిన విసురుకి ప్లైవుడ్ గోడ తలకి కొట్టుకుంది. అయినా నొప్పి తెలియలేదు. సర్వీసులో మొదటిసారి ఆయనకు "చూద్దాం" కాక ఇంకో మాట తోచింది.

*

"వీధిలో బల్లా?" అన్నాడు వరహాలరాజు.

"ప్రజలతో వ్యవహరించే బల్ల," అన్నాడు భీమశంకరం. "ప్రజలు వీధిలోనే కదండీ ఉంటారు. వాళ్ళు మన దగ్గరికి రాలేకపోతున్నారు. మనమే వెళ్ళి ఒక బల్ల వేసుకుంటాం. సాయంత్రం పూట నేను కూర్చుంటాను."

వరహాలరాజు ఉత్తర్వు తెప్పించి, సెల్‌ఫోను టార్చి వేసుకుని చదివాడు. ఎంత వెతికినా అడ్డం చెప్పే నిబంధన దొరకలేదు. ఆయన జీవితంలో అలా జరగడం అదే మొదలు. కాస్త దిగులుపడ్డాడు కూడా.

"బల్ల ఆఫీసులోనే ఉండాలని ఎక్కడా లేదు," అని ఒప్పుకున్నాడు. "బల్లంటూ వేస్తే వెనక దీపాలు విధిగా ఉండాలి. అది తప్పదు. బల్ల ఉన్నంతకాలం దీపం తియ్యడానికీ వీల్లేదు. వెనకాల గోడ ఉందా?"

"ఉంది. పాత బెల్లం గోదాము గోడ."

"పొడవెంత?"

"వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా అదొక్కటే గోడండి."

వరహాలరాజు టార్చి మళ్ళీ ఉత్తర్వు మీదికి తిప్పాడు. "ఉత్తర్వులో గోడ పొడవుకి పరిమితి పెట్టలేదు. సగంలో ఆపితే, మిగతా సగం ఎందుకు వదిలేశారని ఆడిట్ వాళ్ళు అడుగుతారు. పూర్తిగా వెయ్యండి."

ఈసారి దిల్లేశ్వరరావు దగ్గర రకం ఎంచింది భీమశంకరమే. ఆరుబయట కాబట్టి వాన తగిలినా పాడవకుండా పైన సిలికాన్ పూత ఉన్నది తీసుకున్నాడు. రంగులు మారేది వద్దన్నాడు. వెచ్చటి తెలుపు చాలన్నాడు. జిగురు మీద నమ్మకం లేక, గోడ పొడవునా అల్యూమినియం పట్టీ కొట్టించి అందులో బిగించమన్నాడు. తీగ దూరం పోయేకొద్దీ వెలుగు తగ్గిపోకుండా అక్కడక్కడా వేరే కనెక్షన్ ఇప్పించాడు. ఆఫీసులో పారేసిన ఒక పాత బల్ల తెచ్చి గోడ మధ్యలో వేశారు.

సంజెవేళ మీట నొక్కగానే బెల్లపుకొట్ల వీధి ఒక్కసారిగా బయటపడింది. గోడ పొడవునా బెల్లంపాకం లాంటి వెలుగు జారింది. జనం ఇళ్ళలోంచి వచ్చి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "నువ్వేటే, ఇంత సిక్కిపోనావు?" అని ఒకావిడ పక్కింటావిడని పలకరించింది. తమ వాకిట్లో ఎవరు పెంట పోస్తున్నారో తెలియక ఏళ్ళ తరబడి మాటలు మానుకున్న రెండు ఇళ్ళవాళ్ళు, ఆ పని చేస్తున్నది మూడో ఇంటి మేక అని ఆ సాయంత్రం కళ్ళారా చూశారు. సన్నాసి కర్ర పట్టుకుని గుమ్మం దిగి, కాలవ ఎక్కడుందో చూసుకుని, దాని పక్కనుంచి మెల్లగా నడిచి బండి దాకా వచ్చాడు.

అప్పలకొండ మూకుట్లోంచి బజ్జీలు దించింది. ఒక పొట్లం కట్టి భీమశంకరం ముందు పెట్టింది. ఆయన కాదనలేదు. బజ్జీ రంగు చూసి తినడం ఎంత బాగుంటుందో ఆయనకు తెలిసింది. కళ్ళలో ఎందుకో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ కారమే అయి ఉంటుందని సర్దుకున్నాడు.

*

ప్రాంతీయ సంచాలకులు నరహరి తనిఖీకి ఒక సాయంత్రం వచ్చాడు. విద్యుత్తు చూసుకోవడానికి భీమశంకరాన్ని ఆఫీసులోనే ఉండమన్నారు. బల్ల ఖాళీగా ఉండకూడదని నిబంధన. అందుకని ఆయన వెళ్తూ వెళ్తూ అప్పలకొండని కాస్త చూస్తూ ఉండమన్నాడు. చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాదు. బండి చక్రం ఒకటి ఊగుతోంది, బల్ల మాత్రం నిలకడగా ఉంది. పొయ్యీ, మూకుడూ, పిండి గిన్నే తెచ్చి బల్ల మీద పెట్టుకుంది.

ఆఫీసులో స్వాగతం ఘనంగా జరిగింది. చీకట్లో ఎదురెళ్ళిన కమిషనరు గజమాలని మంచినీళ్ళ డ్రమ్ముకి వేసి, "తమరి రాక మా అదృష్టం సార్," అన్నాడు. డ్రమ్ము ఏమీ అనకపోవడంతో పెద్దమనిషి ముభావంగా ఉన్నాడనుకుని భయపడ్డాడు.

"నేనిక్కడున్నాను," అని ఒక ప్లైవుడ్ గోడ వెనకనుంచి నరహరి గొంతు వినబడింది.

"వస్తున్నాను సార్."

"ఎటునుంచి వస్తున్నారు?"

"తమరి వెనకనుంచి సార్."

"నా వెనక గోడ ఉందయ్యా!"

"అయితే అది తమరి ముందవుతుంది సార్," అని ఇంకెక్కడినుంచో వరహాలరాజు వివరించాడు.

ఈ గందరగోళంలో వరహాలరాజుని ఎవరో తొక్కారు, ఆయన జేబు బల్లకి ఒరుసుకుంది. ఆఫీసంతా మళ్ళీ పెళ్ళి పందిరిలాగా రంగులు మార్చడం ఎత్తుకుంది. ఆ వెలుగుల్లో నరహరి ఒకచోట కనబడి, మరుక్షణం ఇంకోచోట కనబడుతున్నట్టుగా ఉంది. కింద పడ్డ రిమోట్ కోసం ముగ్గురు ఒకేసారి వంగారు. ఒక గోడ కూలింది, అది రెండో గోడ మీద పడింది, అలా వరస వరసంతా దబదబా పడుకుంది. తర్వాత ఫ్యూజు పోయింది.

భీమశంకరం తడుముకుంటూ మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్తున్న సమయంలో, నరహరి తడుముకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తెరిచి గేటు దాటగానే ఆయనకు బంగారంలా వెలుగుతున్న ఒక వీధి కనబడింది. వీధి మధ్య ఒక బల్ల. బల్ల ముందు బారుగా జనం. బల్ల అవతల ఒక మహిళ, వెనకాల గోడ పొడవునా వెలుగు.

నరహరి నుదుటి మీది బొప్పి తడుముకుంటూ వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది మునిసిపాలిటీ బల్లేనా?"

"అవును బాబూ, ఆలే ఏసినారు. వరసలో రండి."

ఒక సంచాలకుణ్ణి వరసలో రమ్మన్నవాళ్ళు లేరు. ఆయనకి ఆ క్రమశిక్షణ నచ్చింది. వరసలో నిలబడే ప్రశ్నలు వేశాడు.

"ఇక్కడికి వచ్చినవాళ్ళ పని ఎంతసేపట్లో అవుతుంది?"

"ఏగినంతసేపు బాబూ."

"పెండింగు ఏమైనా ఉందా?"

"మూకుట్లో ఉన్నయ్యే. అయ్యీ దిగిపోతన్నాయి."

"ఫిర్యాదులు?"

"నిన్న ఒకాయన ఉప్పు తక్కువైందన్నాడు. ఎంటనే ఏసినాను."

నరహరి సర్వీసులో ఇలాంటి జవాబులు వినలేదు. తన వంతు రాగానే ఆమె చేతిలో వేడి వేడి పొట్లం పెట్టింది. ఏ కాగితమూ అడగలేదు, ఏ సంతకమూ అడగలేదు. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఇంకో పొట్లం కూడా తిన్నాడు. ప్రభుత్వం మీద ఆయనకే నమ్మకం ప్రకాశించింది.

"మీ పేరు?"

"అప్పలకొండ."

ఆయన రాసుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు.

*

కొన్నాళ్ళకి తనిఖీ నివేదిక వచ్చింది. ఆఫీసు గురించి అందులో మంచి మాట ఒక్కటీ లేదు. ప్లైవుడ్ పీకించి, కిటికీల నల్లరంగు గోకించి, వెంటనే వెలుతురు రానివ్వమన్నారు. గుమాస్తాలు మొదటి రోజు కళ్ళు చికిలించుకుంటూ కూర్చున్నా, రెండో రోజునుంచి ఎవరి పత్రాలు వాళ్ళకే ఇవ్వడం మొదలుపెట్టారు. బెల్లపుకొట్ల వీధి బల్ల గురించి మాత్రం పేజీలకి పేజీలు రాశారు. ఆ బల్లని కనిపెట్టినందుకు కమిషనరు చక్రధర్‌కి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన దాన్ని కాదనలేదు.

దాంతోపాటు ఇంకో కాగితం వచ్చింది. దాన్ని భీమశంకరం, వరహాలరాజు ఇద్దరూ కలిసి అప్పలకొండ దగ్గరికి పట్టుకెళ్ళాల్సి వచ్చింది.

"శ్రీమతి అప్పలకొండ అను ఉద్యోగినిని ఆమె సమర్థత దృష్ట్యా రాజధానిలోని ప్రధాన కార్యాలయమునకు బదిలీ చేయడమైనది," అని వరహాలరాజు చదివాడు.

అప్పలకొండ గరిటె ఆపింది. "నానుజ్జోగంలో ఎప్పుడు సేరినాను బాబూ?"

"చేరలేదు."

"మరి బదిలీ ఏటి?"

"చేరనివాళ్ళ బదిలీ రద్దు చెయ్యడానికి నిబంధన లేదమ్మా," అన్నాడు వరహాలరాజు నొచ్చుకుంటూ. "చేరినవాళ్ళదైతే చెయ్యొచ్చు."

"నానెల్లను. ఆయన కాలు ఇంకా సరిగ్గా నిలవనేదు. ఈ బేరం ఒగ్గీసి ఎక్కడికెల్తాను?"

ఆమె వెళ్ళలేదు. కొన్నాళ్ళు చూసి, ఎందుకు వెళ్ళలేదో చెప్పమని పైనుంచి నోటీసు వచ్చింది. ఆ నోటీసు మీద అప్పలకొండ పకోడీలు ఆరబెట్టింది. అందువల్ల జవాబు వెళ్ళలేదు. ఆ పైన ఒక సాయంత్రం వరహాలరాజు మూడో కాగితం పట్టుకుని ఒక్కడే వచ్చాడు. ఆయన మొహంలో ఏదో చిత్రమైన కాంతి ఉంది. అది గోడమీది దీపాలదో, ఆయన సొంతమో చెప్పడం కష్టం. భీమశంకరం అప్పటికే బల్ల దగ్గర కూర్చుని, అర్జీలు రాయించుకుంటూ ఉల్లిపాయ బజ్జీ తింటున్నాడు.

"అప్పలకొండమ్మా, నిన్ను సస్పెండు చేశారు," అన్నాడు వరహాలరాజు.

సన్నాసి కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అంటే ఏటి బాబూ? జైలేటి?"

"కాదు. ఉద్యోగం చెయ్యకూడదు."

"సేస్తే కదా," అంది అప్పలకొండ.

"చెయ్యనన్నాళ్ళూ నెలనెలా సగం జీతం ఇవ్వాలి. దాన్ని జీవనభృతి అంటారు. అది నిబంధన." వరహాలరాజు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. అంతకు ముందు ఒకరికి మేలు చేసే నిబంధన చదివిన అలవాటు లేకపోవడం వల్ల ఆయన ఆ వాక్యం రెండుసార్లు సరిచూసుకున్నాడు. "సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు తమ స్థానం విడిచి వెళ్ళకూడదు. నీ స్థానం ఈ బల్ల. కాబట్టి విచారణ అయ్యేదాకా ఈ బల్ల ఇక్కడినుంచి కదపడానికి వీల్లేదు. బల్ల కదలకపోతే..."

"దీపాలూ కదలవు," అన్నాడు భీమశంకరం.

అప్పలకొండ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వీళ్ళు తనతో వేళాకోళం ఆడుతున్నారేమోనని ఆమెకి అనుమానం.

"ఆ ఇచారణ ఎప్పుడైపోద్ది బాబూ?"

"మొదలెట్టాలంటే ముందు విచారణాధికారిని వెయ్యాలి. ఆయన్ని వెయ్యాలంటే నువ్వు ఏ విభాగం ఉద్యోగివో తేలాలి. అది తేలాలంటే నువ్వు చేరిన తేదీ తెలియాలి," అన్నాడు వరహాలరాజు. చెబుతూ చెబుతూ ఆయన మెల్లగా బల్లకి ఆనుకుని, ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ వినని శబ్దం ఒకటి చేశాడు. అది నవ్వేనని భీమశంకరానికి కాసేపటికి గానీ అర్థం కాలేదు.

అప్పలకొండ తల అడ్డంగా ఆడించి, మూకుట్లో కాగుతున్న నూనెలోకి నాలుగు బజ్జీలు జారవిడిచింది.

"కూకోండి రాజుగారూ. పాపం, ఏటీ తిన్నట్టు నేరు," అంది.